కల్లంలో ఐదో నీడ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆర్మూర్‌లో ఒక ఫోటో స్టూడియోలో ఆరేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. లేని మనిషిని ఫోటోలోకి తేవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఫోటో అబద్ధం చెప్పదని అనేవాళ్లు ఉన్నారే, వాళ్లెప్పుడూ మా స్టూడియోకు వచ్చి ఉండరు.

మా దగ్గర ఎక్కువగా జరిగే పని జాయింట్ ఫోటో. ఇంటాయన మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు. ఇంట్లోవాళ్లు ఫోటో దిగేటప్పుడు మధ్యలో ఆయన నిలబడేంత చోటు వదులుతారు. తర్వాత ఆయన ఫోటో తెచ్చిస్తే అక్కడ అతికిస్తాం.

నిరుడు హైదరాబాద్‌లో ఒక ఫోటోగ్రఫీ కోర్సులో ఫీజు లేని సీటు కోసం దరఖాస్తు చేశాను. పన్నెండు ఫోటోల పోర్ట్‌ఫోలియో పంపాలి. ఏ ఫోటోనూ మార్చకూడదు, అదీ షరతు. ఆ సీటు నాకు చాలా అవసరం. అది రాకపోతే జన్మంతా ఊళ్లోవాళ్ల మొగుళ్లను అతికిస్తూ కూర్చోవడమే.

అందుకే జాయింట్ ఫోటోలకు ఇళ్లకు పోయినప్పుడు, అడిగి, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచిన ఫోటో ఒకటి నా కోసం దాచుకున్నాను. పదకొండు కుదిరాయి. పన్నెండోది మోర్తాడ్ దగ్గర దొరికింది.

రాజవ్వ అనే పెద్దామె, ఆమె కోడలు సుజాత, ఇద్దరు పిల్లలు. రాజవ్వ కొడుకు భూమేష్ మస్కట్‌లో ఉంటాడు. ఉడికించిన పసుపు ఆరబోసిన కల్లంలో నిలబెట్టాను. పొద్దున ఏడున్నర. ఎండ వాళ్ల వెనుక నుంచి వస్తోంది. నీడలు పొడుగ్గా పసుపు మీద నా వైపు పడ్డాయి.

"జర అటు జరుగు, వానికి జాగ సరిపోదు" అని రాజవ్వ కోడలిని జరిపింది.

మొత్తం నాలుగు సార్లు తీశాను. మొదటిది వాళ్లు నిలబడకముందు, వెలుతురు చూసుకోవడానికి. మిగతా మూడు వాళ్లతో.

స్టూడియోకు వచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఆ మూడింటిలోనూ ఐదు నీడలు ఉన్నాయి. మనుషులు నలుగురే. ఖాళీ చోటు నుంచి ఒక మగమనిషి నీడ పడి ఉంది. స్తంభమో చెట్టో అనుకుందామంటే మొదటి ఫోటోలో ఆ నీడ లేదు. భూమేష్ పాస్‌పోర్ట్ ఫోటో నా దగ్గరే ఉంది. అందులో అతని ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. అలాంటివి మేం మామూలుగా సరిచేస్తాం కాబట్టి ముందే గమనించాను. నీడలోనూ ఎడమ భుజమే కిందికి ఉంది.

భయం కంటే ముందు ఎలా అన్న ప్రశ్నే పట్టుకుంది. మర్నాడు అదే సమయానికి మళ్లీ కల్లానికి పోయి వెతికాను. నీడ పడేందుకు అక్కడ ఏమీ లేదు. అప్పుడే నేనొక తెలివితక్కువ పని చేశాను. ఫోటో సుజాతకు చూపించాను.

ఆమె మొహం పాలిపోయింది. వెంటనే భర్తకు ఫోన్ కలిపింది. ఎత్తలేదు. డ్యూటీలో ఎత్తడని తెలిసి కూడా కలుపుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎందుకు చూపించానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఒంటిగంట దాటాక అతనే చేశాడు. "నాకేమైంది? మంచిగనే ఉన్న. పసుపు ఎండిందా, వాన గిట్ల వడ్డదా?" అన్నాడు. సుజాత ఫోన్ పట్టుకుని ఏడ్చింది. నాకూ ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు చెప్పాను, ఈ ఫోటో కోర్సువాళ్లకు పంపితే ఎవరూ నమ్మరనీ, నీడ తీసేసి పంపుతాననీ.

రాజవ్వ ఫోటో వంకే చూస్తూ, "తీసేస్తే వాడు యాడికి పోతడు బిడ్డా? వాణ్ని ఒక్కపారి మస్కట్ పంపుడే నాతోని కాలే" అంది.

పోర్ట్‌ఫోలియో పంపాల్సిన చివరి రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ నీడను చెరపడం రెండు నిమిషాల పని. నిజమైన ఫోటోను నమ్మించాలంటే దాన్ని అబద్ధం చేయాలి. ఆరేళ్లుగా లేనివాళ్లను పెట్టిన చేయి, ఉన్నవాణ్ని తీయడానికి మాత్రం రాలేదు. అలాగే పంపాను.

సీటు రాలేదు. పదకొండు బాగున్నాయట, పన్నెండోదానిలో నీడ అతికించానట. అసలు ఫైలు పంపుతానన్నాను. ఎంపిక జాబితా ఖరారైపోయిందన్నారు. చాలా రోజులు కోపంగా ఉన్నాను. కానీ వాళ్ల చోట నేనున్నా అదే మాట అనేదాన్ని.

తర్వాత జాయింట్ ఫోటో సంగతి అడుగుదామని సుజాతకు ఫోన్ చేశాను. వద్దంది. ఆ మూడింటిలో ఒకదాన్ని ఉన్నదున్నట్టుగా ప్రింట్ తీసి ఇమ్మంది.

"ఉన్నోన్ని మల్లెందుకు పెట్టుడక్కా?" అంది.

అడిగినట్టే ప్రింట్ తీసి ఇచ్చాను. అసలు అతన్ని మొదటిసారి ఆ ఫోటోలో పెట్టింది ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు.