కాళ్ళ వెంటపడే డాక్టరు గారు

డాక్టర్ నరసింహమూర్తి గారు మనుషుల ముఖాలు చూడరు, కాళ్ళే చూస్తారు. మాదాపూర్‌లోని ఆయన క్లినిక్కుకు వచ్చి ఎవరు దండం పెట్టినా, ప్రతినమస్కారం వాళ్ళ మోకాళ్ళకే అందుతుంది. పెళ్ళిచూపుల్లో కూడా తలెత్తలేదట. "అమ్మాయి అడుగు శుభ్రంగా పడుతోందండి, నాకు సమ్మతమే" అని లేచిపోయారట. తన ముక్కు ఎలా ఉంటుందో ఆయనకు తాళి కట్టేటప్పుడే తెలిసిందని భార్య పుణ్యవతి గారు ఇప్పటికీ దెప్పుతుంటారు.

నడవలేని వాళ్ళను మళ్ళీ నడిపించడం ఆయన వృత్తి. "డాక్టరు ముందు అందరూ బాగానే నడుస్తారమ్మా, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిలాగా. అసలు నడక రోడ్డు మీదే దొరుకుతుంది" అనేవారు. అందుకని సాయంత్రమైతే చాలు, రోగుల వెనకాల దొంగలా బయలుదేరేవారు. క్లినిక్కులో ఫిజియోథెరపిస్టు కళ్యాణికి ఆయన వెనకాల పరుగెత్తడమే సగం ఉద్యోగం. ఎప్పుడు ఎవరు తంతారోనని ఆ అమ్మాయికి ఒకటే గుబులు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఓ సాయంత్రం రోడ్డు మీద ఊరేగింపు పోతుంటే ఈయనకు అందులో ఏదో మడమ కంటబడింది. నడుం వంచుకుని దూరిపోయారు.

"ఎవలు నువ్వు? మఫ్టీ పోలీసువా?" అని జెండా పట్టుకున్నాయన నిలదీశాడు.

"కాదండి. పొద్దున మంచం దిగగానే తమరి మడమలో మేకు దిగినట్టుంటుందా అండి?"

జెండా కిందికి వాలింది. "నీకెట్ల తెలుసు?"

"మడమ ఆనించడం లేదు కదండి!"

ఇంకేముంది! నినాదాలు ఆగాయి. "నా మోకాలు జర చూడు సారూ", "నా పిక్క చూడు సారూ" అని చుట్టూ మూగారు. ముందుకు పోవాల్సిన ఊరేగింపు ఆయన "అటు వెళ్ళండి, ఇటు రండి" అన్నట్టల్లా అక్కడక్కడే తిరిగింది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు కూడా బూటు విప్పాడు.

ఇదంతా భరించిన కళ్యాణికి మింగుడుపడనిది ఒక్కటే. రాయదుర్గంలో ఓ ఆఫీసు టవర్ గేటు దగ్గర మొగిలి అనే సెక్యూరిటీ గార్డు ఉండేవాడు. మెట్ల మీంచి జారిపడి మోకాలు దెబ్బతింది. ఒక్కసారి క్లినిక్కుకు వచ్చి, "నా కుంటుడు సూపర్‌వైజర్ కండ్ల పడితె నౌకరి పోతది సార్, మల్ల రాను" అని చెప్పి పోయాడు. అప్పటినుంచి డాక్టరు గారే అక్కడికి వెళ్ళేవారు. మొగిలి కాపలా కాస్తున్నట్టు గేటు ముందు తిరిగేవాడు. ఈయన నేల చూపులు చూస్తూ వెనకాలే నడుస్తూ, "మోకాలు బిగించకు, మడమ ముందు" అని గొణిగేవారు.

"ఒక్కసారన్న ముఖం చూసి పలకరించొచ్చు కద సార్?" అంది కళ్యాణి ఓ సాయంత్రం ఆ గేటు దగ్గరే.

"ముఖం చూస్తే నోరు ఊరుకోదమ్మా, పలకరించేస్తుంది. మొగిలికి డాక్టరుతో పనేమిటని నలుగురూ అడగరూ? పనీపాటా లేని పిచ్చాడు వెంటపడుతున్నాడనుకోనీ, వాడి అన్నం వాడికి మిగులుతుంది."

కళ్యాణికి ఆయన మీద అభిమానం పొంగుకొచ్చింది. ఆ అభిమానంలో ఆమె ఉండగానే సూపర్‌వైజర్ రాజేందర్ ఊడిపడ్డాడు.

"ఏంది మొగిలీ గీ తిరుగుడు? కాలుకేమైంది నీకు?"

మొగిలి దెబ్బతిన్న కాలిని రెండో కాలి వెనక్కి దాచాడు.

"కాలు నాదండి!" అంటూ డాక్టరు గారు కుంటడం మొదలుపెట్టారు. అదేం కుంటడం! ముప్ఫయ్యేళ్ళుగా చూసిన కుంటి నడకలన్నీ ఒకేసారి, రెండు కాళ్ళతోనూ నడిచి చూపించారు. "నడక మరిచిపోయానండి. మీ మొగిలి నడుస్తుంటే చూసి నేర్చుకుంటున్నాను."

రాజేందర్ మనసు కరిగిపోయింది. "అయ్యో, ఆంధ్ర సారైనా మన సారైనా నొప్పి నొప్పే కద! మొగిలీ, రోజూ డ్యూటీల సార్‌ను జర నడిపియ్యి. గేటు నేను చూస్కుంట."

అలా మొగిలి వైద్యం డ్యూటీలో భాగమైంది. మోకాలు దారికొచ్చింది. కానీ డాక్టరు గారి కాలు ఉన్నట్టుండి బాగైతే అనుమానం రాదూ? అందుకని ఆయన ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు, పద్ధతిగా నయం చేసుకుంటూ వచ్చారు.

చివరికి ఆయన తిన్నగా నడిచిన రోజు రాజేందర్ మొగిలి భుజం తట్టి మురిసిపోయాడు. "చూసినవా సార్! మా మొగిలి చేసింది ఏ దవాఖానల గాదు. ఆ డాక్టర్లకు ఏం తెల్వది!"

"నిజమేనండి" అని డాక్టరు గారు వినయంగా చేతులు జోడించారు. "ఒక్కడికీ ఏమీ తెలియదు."