రోకటి దెబ్బకో ముక్క

మొన్న శనివారం పొద్దున పదిన్నరకు, మొయినాబాద్‌లో చర్చి పక్క హాల్లో జరిగిన ఆవిష్కరణలో, మా అన్న భార్య రాసిన పుస్తకం నా చేతికొచ్చింది. ఇటలీకి నర్సు పనికి వెళ్లే పిల్లలకు ఆ భాష మాటలు పలకడం నేర్పే పుస్తకం. మూడో పేజీ తిప్పేసరికి ఒళ్లు మండింది. అందులో ఉన్నది నా రోకలి.

నా ఈడువాళ్లకు తెలుసు, అప్పట్లో కాపురానికొచ్చిన పిల్లకు చదువుతో పనేముందనేవారు. నేను చేవెళ్లలో ఓ మిషన్ దవాఖాన వంటింట్లో కారం దంచేదాన్ని. ఇటలీ నుంచి వచ్చిన నర్సమ్మ పక్కన కూర్చుని, మిరపకాయల తొడిమలు తీస్తూ తన భాషలో క్రియలు చెబుతుంటే, అక్షరం రాని నేను వాటిని దెబ్బలుగా గుర్తుపెట్టుకున్నాను. పలుకుకో దెబ్బ. ఎదురుచూడడమంటే అ-స్పెత్-తా-రే, నాలుగు దెబ్బలు, మూడోది గట్టిగా. వాళ్లు ఎదురుచూస్తున్నారంటే అ-స్పెత్-త-నో, అవీ నాలుగే, కానీ బలమంతా రెండోదానికి పోవాలి, ఆ 'త్' దగ్గర రోకలి గాల్లో ఒక్క క్షణం ఆగాలి. తప్పితే నర్సమ్మ నవ్వి, ఘాటుకు తుమ్మి, మళ్లీ దంచమనేది.

నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది వదినే. ఆమె షాబాద్ బడిలో పంతులమ్మ. చేయి తిరగగానే ఆ మాటలన్నీ ముక్కలు చేసి, గట్టి దెబ్బ కింద గీత గీసి, ఒక నోట్‌బుక్కు నింపాను. తప్పులు దిద్ది ఇస్తానని వదిన అంటే, అన్న వచ్చి తీసుకుపోయాడు. అడిగినప్పుడల్లా చెదలు పట్టిందన్నారు ఇద్దరూ.

ఇప్పుడు ఈ పుస్తకంలో అవే ముక్కలు, అవే గీతలు, అట్ట మీద మాత్రం ఆమె ఒక్కదాని పేరే ఉంది. చప్పట్లు ఆగాక అందరి ముందే అడిగాను.

"ఏంది వదినా, నా పేరేది?"

"నువ్వు దంచినవ్, నేను రాసిన. రాసినోళ్ల పేరే ఉంటది గదనే. జర ఊకో, అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి. మరి నాకు అక్షరాలెందుకు నేర్పినవ్? రాకపోతే నేను గూడ చప్పట్లు కొట్టేదాన్ని."

ముందు వరుసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. పాస్టరు అందరినీ టీకి లేవమన్నారు.

ఈ కాలపు పిల్లలకు ఫోనే పలికి చూపిస్తుందట. కారం మిక్సీలో పడుతుంది, దానికి ఒకటే మోత, గట్టి దెబ్బ మెత్తటి దెబ్బ అని ఏముంది? పోనీ, అవి మారితే మారాయి. పలక మీద నా వేలు పట్టుకుని దిద్దించిన మనిషిని అమ్మ తర్వాత అమ్మ అనుకున్నాను, ఆ అనుకోవడం ఇక లేదు. ఆ లోటుకు ఈ వయసులో ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

ఆ రోజు అక్కడున్నది వదిన, ప్రార్థన చేసిన పాస్టరు, ఎంకపల్లి నుంచి నాకు తోడొచ్చిన చెల్లెలు, ఇటలీ వెళ్లే పదకొండు మంది ఆడపిల్లలు, నేను, చివరిదాకా నా వైపు చూడని మా అన్న.