అత్తకు చెప్పని ముగింపు

మొన్న ఆదివారం మా అమ్మాయి టీవీలో ఏదో విదేశీ సిరీస్ పెట్టింది. అందులో ఒకడు కాలయంత్రమెక్కి కోట్ల ఏళ్ళు ముందుకు పోయాడు. అక్కడ సూర్యుడు ఎర్రబడి ముసలివాడైపోయాడు, సముద్రం ఎండిపోయింది. "వీడింక ఇంటికెలా వస్తాడు నాన్నా?" అంది అమ్మాయి. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

నరసరావుపేటలో కాలేజీ చదువుతున్న రోజుల్లో ఒక వారపత్రికలో ఇలాంటి సీరియలే వచ్చేది. ఆ ఏడు మిరప కోతల కాలమంతా, ఆదివారం ఆదివారం పత్రిక పట్టుకుని మాచవరం దగ్గరున్న మా ఊరికి వెళ్ళేవాణ్ణి. మా మేనత్తకు చదువు రాదు. వాకిట్లో కాయల తొడిమలు తీస్తూ నాచేత చదివించుకునేది. చదవడం అయ్యాక ఆ పేజీలు చింపి, గోతాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో పాత పేజీలకు కలిపి కుట్టేది. ఘాటుకు నేను నాలుగు వాక్యాలకోసారి తుమ్మేవాణ్ణి. తుమ్మింది నేనో, కథలో మనిషో తెలియక పక్కనున్న ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏంది అబ్బాయ్, లచ్చ ఏళ్ళు ముందుకి పోయినోడికి అక్కడ కూడెవరు పెడతారు?" అని ఒకామె అడిగితే, "కూడు సంగతి తరవాతలేవే. ఇంటికొచ్చే దారి తెలుసా వాడికి?" అనేది అత్త.

ఆమె అలా అడగడానికి కారణముంది. మామయ్య ఎడ్లు కొనుక్కొస్తానని సంతకు వెళ్ళి తిరిగి రాక అప్పటికి పన్నెండేళ్ళు. రోజూ వంట కాగానే ఆయనకని ఒక గిన్నెలో అన్నం తీసి మూతపెట్టేది. మర్నాడు ఆ అన్నంలోనే మజ్జిగ పోసుకుని తాను తినేది. కథలోనూ ఒక భార్య ఎదురుచూస్తోంది.

ఒక ఆదివారం స్నేహితులు ఎత్తిపోతల జలపాతానికి జీపు మాట్లాడుకుని మా వీధి చివర హారన్ కొడుతున్నారు. పత్రిక నేనింకా తెరవనేలేదు. అత్త పీట వాల్చుకుని కూర్చుంది.

"వచ్చాడంట్రా వాడు?"

"రాలేదత్తా. అక్కడే చచ్చిపోయాడు. కథ అయిపోయింది" అన్నాను చెప్పులు తొడుక్కుంటూ.

ఆమె చేతిలో కాయ తొడిమ తుంచి, "అంతేలే. అంత దూరం పోయినోడు యాడొస్తాడు" అంది.

జీపులో పత్రిక తెరిచాను. కథలో వాడు యంత్రాన్ని ఇంటివైపు తిప్పాడు. మరో మూడు వారాలకు ఇల్లు కూడా చేరాడు. ప్రతి వారమూ చెబుదామనే వెళ్ళాను. కానీ మొదటి వారానికే అత్త పుస్తకానికి ఆఖరి కుట్టు వేసేసింది. అన్నం తీసిపెట్టడమూ మానేసింది. ఇన్నాళ్ళకు ఆమె మనసు కుదుటపడిందన్నారు ఊళ్ళోవాళ్ళు. నేనూ ఆ మాటనే అడ్డం పెట్టుకున్నాను. నిజానికి నన్ను ఆపింది అబద్ధమాడానని ఒప్పుకోవడానికి సిగ్గు, అంతకంటే ఏమీ లేదు. అత్త పోయి చాలా కాలమైంది. మామయ్య ఎలాగూ రాలేదు. అయినా ఆశ వదులుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆమె, జీపు వెళ్ళిపోతుందని తొందరపడిన నేను కాదు.

కోట్ల ఏళ్ళు దాటే కథలు ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చూస్తున్నాను. ఆ రోజు ఆమె నన్ను అడిగింది కథ చదవడానికి పట్టే అరగంటే.