ముసలమ్మ కొరికి వెళ్లిన మైనం

“కుర్చీ అమ్మేస్తానే. ఇక మనిషి నోట్లో చెయ్యి పెట్టడం నా వల్ల కాదు.”

“ఇన్నేళ్లు పళ్లు పీకినవారు ఇప్పుడేం పీకుతారండీ? అమ్మేసి ఏం తిందాం, మొన్న తెచ్చిన ప్లాస్టర్ బస్తానా?”

“నువ్వలాగే అంటావు. ఆ నోట్లో వేలు పెట్టింది నువ్వు కాదుగా!”

అది 1955 ప్రాంతం. ఏలూరులో మా వీధిగదిలో మావారు పళ్ల డాక్టరు. వెనక వసారాలో కట్టుడు పళ్లు తయారుచేసేదాన్ని నేను. ముందు నోటి అచ్చు తీస్తారు, దాన్ని ఇంప్రెషన్ అంటారు. అందులో ప్లాస్టర్ పోస్తే చిగుళ్ల నమూనా వస్తుంది. తర్వాత మెత్తని మైనం కొరికించి దవడలు ఎలా కలుస్తాయో చూస్తారు. అది బైట్. ఆపైన పళ్లు పేర్చడం, ఎర్ర రబ్బరు కూరి ఆవిరిలో ఉడికించడం నా పని.

ఆ సోమవారం కొల్లేటి లంక నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నోట్లో ఒక్క పన్ను లేదు.

“ఈ వయసులో నీకెందుకమ్మా దండగ ఖర్చు? చేపముళ్లు నమలడానికా?” అన్నాను.

“తినడానిక్కాదమ్మగారూ. మా ఆయన పడవ మునిగి చనిపోయేనాటికి నా పళ్లన్నీ ఉన్నాయండి. రేపు పైకెళ్లి ఈ బోసినోటితో ఎదురుపడితే, ఎవరో ముసల్దనుకుని మొహం తిప్పుకోడూ?”

అందరం నవ్వుకున్నాం. మావారు ఇంప్రెషన్ తీసి, బైట్‌కి శుక్రవారం రమ్మన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం నేను వసారాలో ఉండగా వీధిగదిలోంచి ఆవిడ గొంతు వినబడింది. “తొందరగా కానివ్వండి బాబుగారూ. మా ఆయన ఒడ్డున నిలబడి ఉన్నాడు.”

కాసేపటికి మావారు మైనం నా ముందు పెట్టి, చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు. “నోరంతా ఎంత చల్లగా ఉందో! నీళ్లడుగున బురదలో వేలు పెట్టినట్టుంది” అన్నారు. మైనం ముట్టుకుని చూశాను. నోటి వేడికి మెత్తగా రావలసింది, రాయిలా గట్టిపడి ఉంది.

ఆదివారం ఆవిడ కొడుకు వచ్చాడు. “ఆ పళ్లు మానెయ్యండి అయ్యగారూ. మా అమ్మ బుధవారం పోయిందండి. ఆ సాయంత్రమే దహనం చేసేశాం.”

మావారు రోగుల కుర్చీలోనే కూలబడ్డారు. నేను ఊరుకోలేదు. “మీ అమ్మకి అక్కగానీ చెల్లెలుగానీ ఉన్నారా?” అని అడిగాను.

“ఎవరూ లేరండి.”

శుక్రవారం మైనం తెచ్చి సోమవారం నమూనా మీద పెట్టాను. ఎవరి చిగుళ్లు వారివే. ఇంకొకరిదైతే ఎక్కడో ఓ మూల లేస్తుంది. ఇది చక్కగా కూర్చుంది, వెంట్రుక దూరే సందు లేకుండా.

మొదట చెప్పిన దెబ్బలాట ఆ సాయంత్రానిదే. చివరికి నేనే తగ్గాను. “సరే, మీరు ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టొద్దు. కానీ బైట్ ఇచ్చి వెళ్లిన మనిషికి పళ్లివ్వకపోతే మళ్లీ వచ్చి అడగదూ?”

ముసలమ్మ కొడుకును మా అరుగు మీదే పడుకోమని, పళ్లు పేర్చడానికి కూర్చున్నాను. పని ఒప్పుకున్నాక, అడిగినవాళ్లు ఉన్నా పోయినా అది పూర్తిచేసి ఇవ్వాల్సిందే. ఆ కేసు నాకు నేర్పింది అదే.

మర్నాడు పొద్దున్నే పళ్ల సెట్టు పాత గుడ్డలో చుట్టి కొడుక్కిచ్చాను, అస్థికలతో కలిపి కొల్లేట్లో వదలమని. కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు. వీధి చివర సెలూనతను వచ్చి కుర్చీ కొనుక్కుపోయాడు. నేను ప్లాస్టర్ బస్తా విప్పి, నీళ్లలో కలిపి, కాగితపు గొట్టాల్లో పోసి బడిపిల్లల సుద్దముక్కలు మొదలుపెట్టాను. మావారు పక్కన కూర్చుని గొట్టాలు చుట్టారు.

దవడ వాచిన మనిషి ఒకడు గుమ్మంలోకి వచ్చి, “పళ్ల డాక్టరుగారున్నారాండీ?” అన్నాడు.

“లేరండీ” అన్నారు మావారే, తలెత్తకుండా. “సుద్దముక్కలైతే ఎల్లుండికి ఎండుతాయి.”