పట్టా మీద టైరు పెట్టను

మెదక్‌లో నా డ్యూటీ వానాకాలం వరిపంట కోతలప్పుడు మొదలైంది. సైన్యంలో మంచుకొండల మీద కాన్వాయ్ లారీలు నడిపి వచ్చినవాణ్ణి. ఒక కాలేజీ బస్సు తాళం చేతిలో పెట్టారు. రూటు పాపన్నపేట వైపు ఊళ్ల నుంచి మెదక్ దాకా. పొద్దున ఏడింటికి మొదటి స్టాప్. దగ్గర టార్చి, అద్దం తుడిచే గుడ్డ, పాత ఆర్మీ స్వెట్టరు. ఆర్డరు ఒక్కటే, బస్సులు చూసే ఇన్‌ఛార్జి ఇచ్చాడు.

"టైముకు రావాలె. గంతే."

గంతే అంటే అయిపోయిందా! కోతలప్పుడు సగం రోడ్డు వడ్లదే. కళ్లాల్లో చోటు చాలక రైతులు తారు మీద ఆరబోస్తారు. అంచున రాళ్లు పేరుస్తారు, రాత్రికి నల్ల పట్టాలు కప్పుతారు. మన డ్రైవర్లకు అదంటే లెక్కే లేదు. ఎవరైనా అడ్డొస్తే హారన్ కొట్టి వడ్ల మీదికి ఎక్కిస్తారు. వడ్ల మీద బ్రేకు పట్టదు. మంచు మీద బండి జారితే ఎట్లా ఉంటుందో చూసిన నాకు అది ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ రోజు పొగమంచు దట్టంగా ఉంది. బస్సు నిండా పరీక్ష రాసే పిల్లలు. ఎడమవైపు పట్టాలు, కుడివైపు ఖాళీగా ఉన్న సగం రోడ్డు. ఆ ఖాళీలోనే ఒక అవ్వ చీపురుతో చెదిరిన వడ్లు ఊడుస్తోంది. చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుంది. వీపు మావైపే. బస్సు ఆపేశాను.

వెనక ఇసుక టిప్పరు. ఒకటే మోత. దాని డ్రైవరు దిగి నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"హారన్ కొట్టరాదే? లేకుంటే పట్టా మీదికెల్లి పో. వడ్లే గద!"

"కొట్ట. పోను. నువ్వు గూడ పోవు," అని టైరు పట్టాకు తగలకుండా బస్సును రోడ్డుకు అడ్డంగా తిప్పి పెట్టాను. వాడి నోటికి అడ్డూ అదుపూ లేదు. తిట్టుకోనీ!

ఇన్‌ఛార్జి ఫోను. "ఎక్కడున్నవయ్యా?"

"రోడ్డు మీద అవ్వ ఉన్నది సార్. ఆమె జరిగినంక వస్త."

"నౌకరీ మీద మనసు లేదా?"

"నౌకరీ తీస్కోండ్రి సార్. మనిషి మీదికి బండి తోల."

దిగి నడిచి వెళ్లి, అవ్వకు ఎదురుగా నిలబడి చెయ్యి ఊపాను. తువ్వాలు సర్దుకుంది.

"మోత యాడ్నో దూరం అనుకున్న. నువ్వు హారన్ కొడితే జరుగుతుంటి గద బిడ్డా."

"బెదిరి ఎటు జరుగుతవో నాకేం తెల్సు అవ్వా?"

ఇంతలో టిప్పరు డ్రైవరు నా వెనకే వచ్చాడు. "బస్సు తియ్యి, నేనే పట్టా మీదికెల్లి పోత," అని అరిచాడు. ఆ మాట అవ్వ చెవిన పడింది. చీపురు కింద పడేసింది.

"అయ్యో, వద్దు కొడుకా! మా ముసలాయన పన్నడు పట్టా కింద! రాత్రంత పందులకు కావలున్నడు!"

టిప్పరు డ్రైవరు పట్టా దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

ఆలస్యంగానే మెదక్ చేరాం. పిల్లలు బతిమాలితే పరీక్షకు రానిచ్చారు. సాయంత్రం ఇన్‌ఛార్జి కాగితం ముందుకు తోశాడు.

"తప్పైందని రాసియ్యి."

"రాయ."

తాళం బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు నా ఆటో నేనే నడుపుకుంటున్నాను. వెనక ఎవడెంత మోగించినా ఆగాల్సిన చోట ఆగుతాను. నచ్చనివాళ్లు వేరే ఆటో ఎక్కండి.

కళ్లు మూస్తే ఇప్పటికీ అదే కనిపిస్తుంది. నల్ల పట్టా కదిలింది. దుప్పటి కప్పుకున్న ముసలాయన గడ్డం నిండా వడ్లగింజలతో లేచి కూర్చున్నాడు. అడ్డంగా ఉన్న బస్సునూ, టిప్పరునూ, మమ్మల్నీ చూసి, ఏమీ అర్థం కాక పెళ్లాం వైపు తిరిగాడు.

"చాయ్ తెచ్చినవానే?"