నాలుగో క్వార్టరూ, నిచ్చెన వాళ్ళమ్మగారి గారెలూ

ఇంజనీరింగు చదివే ఆ రోజుల్లో మనిషికి తాను ఎందులో గొప్పవాడో తెలియకపోయినా, ఎందులో కాడో మాత్రం తొందరగానే తెలిసిపోతుంది. నాకు బాస్కెట్‌బాల్లో తెలిసింది. భీమవరం శివార్లలో, చుట్టూ రొయ్యల చెరువులు, మధ్యలో మా కాలేజీ. ఒక చెరువుగట్టుని ఆనుకునే మా కోర్టు. (నేను విసిరిన బంతులు బుట్టలో కంటే చెరువులోనే ఎక్కువ పడేవి. రొయ్యలకి నా ఆట మీద మంచి అభిప్రాయమే ఉండి ఉండాలి.) అయినా నన్ను జట్టులో పన్నెండోవాడిగా ఉంచారు. జట్టుకి పన్నెండుమంది కావాలి, పదమూడోవాడు దొరకలేదు. అంతకు మించి కారణం లేదు. బెంచీ మీద కూర్చునేవాడికి బోలెడు తీరిక. ఆ తీరికలో నాకు లెక్కల పిచ్చి పట్టుకుంది. ఎవరెన్ని పాయింట్లు వేశారో స్కోరుబోర్డు ఎలాగూ చెబుతుంది, అందుకు నేనెందుకు? మబ్బు పట్టిన రోజున మా ఎడంచేతివాటం వాడు బంతిని ఎన్నిసార్లు జారవిడుస్తాడు, ప్రిన్సిపాల్ గారు వచ్చి కూర్చున్నాక మావాళ్ళ ఫౌళ్ళు ఎంత పెరుగుతాయి, ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు. అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

మా ఆటల మేష్టారిని అందరూ పీడీ గారు అనేవారు. ఆయనకి ఆట కంటే ఆట మధ్యలో ఇచ్చే ఉపన్యాసం ఇష్టం. మేం వెనకబడితే చాలు, ఆయన కళ్ళు మెరిసేవి. మమ్మల్ని చుట్టూ నిలబెట్టుకుని, గుండె మీద చెయ్యేసుకుని, "ఓటమి అనేది స్కోరుబోర్డు మీద ఉండదురా! ఇక్కడుంటుంది, ఇక్కడ!" అనేవారు. "మరి స్కోరుబోర్డు మీద ఉన్నదాన్ని ఏమంటారండి?" అని నేను అడిగేవాణ్ణి. తర్వాత కోర్టు చుట్టూ పరిగెత్తేవాణ్ణి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఉపన్యాసం తర్వాత మావాళ్ళు నిజంగానే పుంజుకునేవారు. ఇక అయిపోయింది, ఇంటికి పోదాం అని జనం చెప్పులు వెతుక్కుంటుండగా, నాలుగో క్వార్టర్లో ఎక్కడలేని ఊపుతో పాయింట్లు కొట్టి గెలిచేసేవారు. చుట్టుపక్కల కాలేజీల్లో మాకు 'నాలుగో క్వార్టరు పులులు' అని పేరొచ్చింది. (మొదటి మూడు క్వార్టర్లలో మమ్మల్ని ఏ జంతువుతో పోల్చేవారో మేం ఎప్పుడూ అడగలేదు.)

అలా ఊరేగుతూ ఊరేగుతూ జోనల్ ఫైనల్ దాకా వెళ్ళాం. సరిగ్గా అప్పుడే యాజమాన్యం ఒక కబురు పంపింది. కాలేజీ బస్సులు పెరిగిపోయాయి, పెట్టుకోవడానికి చోటు లేదు. కప్పు తెస్తే కోర్టు ఉంటుంది, లేకపోతే వచ్చే ఏడాది నుంచి అక్కడ బస్సులుంటాయి. ఆ కోర్టు గీతలు పీడీ గారు తన చేత్తో గీసినవి. తన పెళ్ళిరోజున కూడా చొక్కా నిండా పెయింటుతో ఇంటికెళ్ళి చివాట్లు తిన్న మనిషి. ఆ కబురు విన్న సాయంత్రం కోర్టు మధ్యలో ఒక్కరే నిలబడి ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయారు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. నాకు మొదటిసారి భయమేసింది.

ఫైనల్ రాజమండ్రి జట్టుతో, వాళ్ళ ఊళ్ళోనే, పొద్దున్న పదింటికి. ముందురోజు కూర్చుని నా లెక్కలన్నీ నెమరు వేసుకుంటుంటే ఒక సంగతి తట్టింది. మేం వెనకబడి గెలిచిన ఆటలన్నీ మా కోర్టులో జరిగినవే, అన్నీ మధ్యాహ్నం ఆటలే. పైగా ప్రతిసారీ అవతలి జట్టు మా కెప్టెన్ వాళ్ళింట్లో భోజనం చేసి వచ్చింది. (మా కెప్టెన్‌కి పొడుగుని బట్టి నిచ్చెన అని పేరు. వాళ్ళిల్లు కాలేజీ వెనకే.) ఊరికొచ్చిన పిల్లలు అన్నం తినకుండా వెళ్ళిపోవడం నిచ్చెన వాళ్ళమ్మగారి దృష్టిలో పరువు తక్కువ పని. రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర, గారెలు, ఆపైన పూతరేకులు. వద్దంటే ఆవిడ ముఖం చిన్నబోయేది, అందుకని ఎవరూ వద్దనేవారు కాదు. అతిథులు తిన్నాకే ఇంటివాళ్ళు తినాలి గనక మేం వడ్డన చేసి, ఆట అయ్యాక తినేవాళ్ళం. అంటే ఆ పులుల రహస్యం ఏమిటయ్యా అంటే, మేం పరిగెత్తడం కాదు, వాళ్ళు పరిగెత్తలేకపోవడం.

ఈ మాట పీడీ గారికి చెప్పాను.

"అంటే నా స్పీచ్ వల్ల కాదంటావా?" అన్నారాయన.

"స్పీచ్ బయటి ఊళ్ళలో కూడా ఇచ్చారు కదండీ. అక్కడ వెనకబడ్డాక ఒక్కసారీ గెలవలేదు."

ఆయన అటూ ఇటూ చూసి నన్ను పక్కకి లాగారు. "ఒరేయ్, నీకు పుణ్యముంటుంది, ఈ సంగతి పిల్లలకి చెప్పకు. వాళ్ళు నమ్మకం మీద ఆడుతున్నారు," అన్నారు. నేను చెప్పలేదు.

మర్నాడు బస్సు దిగేసరికి నిచ్చెన వాళ్ళమ్మగారు మాకంటే ముందే కారులో వచ్చి కోర్టు పక్కన క్యారియర్లు దించుతున్నారు. నిచ్చెనకి సిగ్గేసింది. "అమ్మా, ఇది వాళ్ళూరు. మనమే అతిథులం. నువ్వు పెట్టడమేంటే?" అన్నాడు. "ఏ ఊరైతేనేంట్రా? అన్నం వండినవాళ్ళే ఇంటివాళ్ళు," అన్నారావిడ. కానీ రాజమండ్రి కోచ్ గారు గట్టివారు. "ఆట అయ్యాక తింటామండి," అని రెండు చేతులూ జోడించేశారు. వాళ్ళు తినకుండా మేం తినకూడదు కనక మేమూ ఖాళీ కడుపులతోనే దిగాం. వాళ్ళు చక్కగా ఆడారు. సగం ఆట అయ్యేసరికి మేం పధ్నాలుగు పాయింట్లు వెనక. పీడీ గారు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి గుండె మీద చెయ్యేసుకున్నారు గానీ, ఉపన్యాసం మొదలుపెట్టకుండానే చెయ్యి దించేశారు.

నేను మెల్లగా జారుకుని నిచ్చెన వాళ్ళమ్మగారి దగ్గరికి వెళ్ళాను. "పిన్నిగారూ, ఆ రాజమండ్రి కుర్రాళ్ళు పొద్దున్న నాలుగేసి అరటిపళ్ళు తప్ప ఏమీ తినలేదటండి," అన్నాను. అబద్ధం కాదు, నేనడిగి తెలుసుకున్న లెక్కే.

"నాలుగేంటి, నా తల్లే! అంత పొడుగు పిల్లలకి!" అని ఆవిడ లేచారు. వాళ్ళ కోచ్ గారు ఎవరో పెద్దమనిషితో ఫొటో దిగడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి జట్టంతా ఆకుల ముందు ఉంది. "తిను నాన్నా, గెలుస్తున్నారు కదా, ఇంకా మొహమాటమేంటి? ఇంకొక్క గారె. మేష్టారూ, మీరూ కూర్చోండి. నిలబడి చూస్తే పిల్లలకి దిష్టి," అన్నారావిడ. ఆయనా కూర్చున్నారు.

మూడో క్వార్టర్లో ఏమీ జరగలేదు. గారెకి కొంత వ్యవధి కావాలి. నాలుగోదానికి వాళ్ళు నడుస్తున్నారు. ఒకడైతే బంతి పట్టుకుని ఆవులించాడు. మేం ఒక పాయింటు వెనక వరకూ వచ్చేశాం. అప్పుడు మా ఎడంచేతివాటం వాడికి పిక్క పట్టేసింది. బెంచీ మీది మిగతావాళ్ళు అప్పటికే ఒక్కొక్కరే దిగి, ఫౌళ్ళతో బయటికి పోయారు. పీడీ గారు బెంచీ మొత్తం కలయజూశారు. బెంచీ మొత్తం అంటే నేనే. దిగిన రెండో క్షణంలోనే వాళ్ళ లావుపాటివాడు ఆగలేక వచ్చి నన్ను గుద్దేశాడు. ఆట ఆఖరి క్షణాల్లో నాకు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డు రాకుండా బుట్టలోకి విసిరే అవకాశాలు. మొదటిది దేనికీ తగల్లేదు. (గాలికి తగిలిందని మావాళ్ళంటారు.) రెండోది రింగుకి కొట్టుకుని పైకి లేచింది. రాజమండ్రి వాళ్ళు తలెత్తి దాని వంక చూశారు, అంతే, ఎవరూ ఎగరలేదు. నిచ్చెన ఒక్కడే ఎగిరి దాన్ని బుట్టలోకి తోశాడు, రెండు పాయింట్లు. ఒక్క పాయింటుతో గెలిచాం. ఫ్రీ త్రోలలో నా జీవితకాలపు సగటు సున్నా, ఇప్పటికీ.

పీడీ గారు ఏడుస్తూ నన్ను కావలించుకుని, "చూశావా, మాట్లాడకపోయినా పని చేసింది!" అన్నారు. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. చాలా కష్టపడ్డాను.

కోర్టు నిలిచింది. బస్సులు రోడ్డు మీదే నిలబడుతున్నాయి. నేను ఇప్పుడు భీమవరంలోనే రొయ్యల మేత కంపెనీలో లెక్కలు చూస్తున్నాను. మొన్నొక సాయంత్రం అటుగా వెళ్తుంటే, పీడీ గారు కొత్త పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ ఫైనల్ కథ చెబుతున్నారు. నన్ను చూడగానే, "అడగండర్రా, సాక్షి వచ్చాడు! సగం ఆటకి ఎంత వెనకున్నాంరా? ఇరవై అయిదు కదూ?" అన్నారు.

"ఇరవై అయిదు కాదండి," అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. పిల్లలందరూ నా వంక తిరిగారు.

"ఇరవై ఆరు."

పీడీ గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. నేను బండి స్టార్టు చేశాను. బెంచీ మీద కూర్చున్న ఆనాటి కుర్రాడు గనక అక్కడ ఉండుంటే, పధ్నాలుగే అని గట్టిగా అరిచి ఉండేవాడు. పాపం, వాడికి లెక్కలన్నీ వచ్చు గానీ, ఏ లెక్క ఎక్కడ తప్పాలో తెలియదు.