రాని కార్డు కోసం ఉదయగిరి దాకా

ప్రతి జనవరిలో నాకు ఉదయగిరి నుంచి ఒక కవరు వస్తుంది. అందులో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద కార్డు, దాని మీద అచ్చువేసిన ఒక వాక్యం ఉంటాయి. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, తక్కిన పాఠకుల కోసం చెబుతున్నాను. కొత్త సంవత్సరం రోజున ఆరాధన అయ్యాక చర్చిలో ఇలాంటి కార్డులు పళ్లెంలో బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని నమ్ముతారు. వాగ్దాన కార్డు అంటారు. నాకు ఏటా ఒకటి పంపేది సుగుణమ్మ అనే పెద్దావిడ. ఈసారి జనవరి అయిపోయింది, ఫిబ్రవరి సగమైంది, కవరు మాత్రం రాలేదు.

సుగుణమ్మ నాకు బంధువు కాదు. పన్నెండేళ్ల కిందట నెల్లూరులో ఒక ఆస్పత్రి వార్డులో మా ఆయన మంచం పక్క మంచం మీద ఆమె చెల్లెలు ఉండేది. తొమ్మిదో రోజున ఆ చెల్లెలు పోయింది. ఆ తర్వాత ఎవరైనా మళ్లీ ఆ వార్డు మొహం చూస్తారా? ఈమె చూసింది. మరుసటి వారమే ఉదయగిరిలో బస్సెక్కి, క్యారియరులో నిమ్మకాయ పులిహోర పెట్టుకుని వచ్చింది, నేను తిండి మానేశానని. అలా నాలుగుసార్లు వచ్చింది. మా ఆయన పోయిన రోజు కూడా అక్కడే ఉంది. నీ దేవుడెక్కడున్నాడని నేను ఆమె మీదే విరుచుకుపడ్డాను. "ఈడనే ఉండాడు తల్లీ. ఏం చేస్తా ఉండాడో నాకూ తెలీడంలా," అంది. ఆ జవాబుకు నాకు ఇంకా కోపం వచ్చింది. చర్చికి వెళ్లడం అప్పుడే మానేశాను.

కార్డులు రావడం ఆ తర్వాతి జనవరి నుంచే మొదలైంది. మొదటిదానికి జవాబు రాశాను. రెండోది చదివి ఊరుకున్నాను. మూడోది నుంచి కవర్లు చించలేదు. నేను బట్టలు కుడతాను, మెషిన్ సొరుగులో బాబిన్ల పక్కన అవి అలాగే పేరుకున్నాయి. ఈ ఏడాది రాకపోయేసరికి ఒక రోజు షాపు కట్టేశాక కూర్చుని తొమ్మిది కవర్లూ కత్తెరతో వరసగా కత్తిరించాను. ప్రతి కార్డు వెనకా పెన్సిలుతో ఒకటే మాట ఉంది, "నిన్ను తలుచుకున్నాను. సుగుణ" అని. నాకు చాలా సిగ్గేసింది. ఆమెకు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఫోన్ నంబరు లేదు, అప్పట్లో ఆమెకు ఫోనే లేదు. ఉందో పోయిందో తెలియదు. ఉంటే ఒక్కసారి ఎదురుగా నిలబడి కృతజ్ఞత చెప్పుకోవాలి, లేకపోతే ఆ అవకాశం నేనే పోగొట్టుకున్నట్టు. షాపుకు సెలవు కాబట్టి మంగళవారం బయలుదేరాను. ఈ బ్లాగులో కోటల గురించి చదవడానికి వచ్చేవాళ్లు నన్ను క్షమించాలి. ఉదయగిరి కోటను ఈసారి కింద నుంచే చూశాను.

ఉదయం ఆరుంబావుకు నెల్లూరు బస్టాండులో బద్వేలు వెళ్లే ఎక్స్‌ప్రెస్ దొరికింది. నేరుగా ఉదయగిరి వెళ్లే బస్సులూ ఉన్నాయి, అవి తప్పిపోతే ఆత్మకూరులో దిగి మారడమే సుళువు. ఆడవాళ్లకు ఉచితం కనుక ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. ఫోన్‌లో ఫోటో ఉంది కదా అని ధీమాగా వెళ్లకండి, అసలు కార్డే పర్సులో పెట్టుకోండి. నా పక్కన కూర్చున్నాయన ఆత్మకూరుకు వంద నోటిస్తే కాస్త చిల్లర వెనక్కి వచ్చింది, మగవాళ్లు దాన్నిబట్టి చూసుకోవచ్చు. ఎనిమిదికి పది నిమిషాలు ఉందనగా ఆత్మకూరులో దిగాను. బస్టాండుకు ఎదురుగా ఉన్న హోటల్లో కారం దోసె నలభై రూపాయలు. దోసె బాగుంది, కారం ఎక్కువ, మంచినీళ్లు అడిగితే గానీ ఇవ్వరు.

ఉత్త చేతులతో వెళ్లడం ఇష్టం లేక బండి దగ్గర బత్తాయిలు బేరం చేశాను. కిలో ఎనభై అన్నాడు, డెబ్బైకి దిగాడు. తూకం వేస్తూ అడిగాడు.

"ఎవురికి మేడం, పేషెంటుకా?"

"తెలియదు. ఆమె ఎలా ఉందో చూడ్డానికే వెళ్తున్నా."

"తెలీకుండానే కొంటా ఉండారా? సరే, పచ్చిగా ఉండేటివి వేస్తాను. ఆమె లేకపోయినా ఇంటికి తీసకపోవచ్చు, నాలుగు రోజులు ఉంటాయి."

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ పళ్ల సంచి ఉదయగిరి దాకా ఒళ్లో బరువుగానే ఉంది.

ఎనిమిదీ నలభైకి ఉదయగిరి పల్లెవెలుగు బయలుదేరింది. ఆత్మకూరు దాటాక పొలాలు పలచబడి మెట్ట మొదలవుతుంది. అక్కడక్కడా నిమ్మ తోటలు, రోడ్డు దాటే గొర్రెలు, వాటి కోసం ఆగే బస్సు. ఎడమవైపు కిటికీ సీటు దొరికితే చివరి అరగంటలో కొండ బాగా కనిపిస్తుంది. ఆమెకు ఏం చెప్పాలో దారి పొడవునా మనసులో రాసుకుంటూ కూర్చున్నాను. మూడు నాలుగు వాక్యాలు బాగానే కుదిరాయి. పదీ ఇరవైకి ఉదయగిరిలో దిగి తలెత్తితే కొండ ఊరి మీదికి వంగి చూస్తున్నట్టు ఉంది, పైన కోట గోడలు ఎండలో తెల్లగా కనిపిస్తున్నాయి.

కవర్ల వెనక చిరునామాలో పేరు, చర్చి వీధి అని మాత్రమే ఉంటుంది. ఆటో నడిపే ఖాదర్ అనే పెద్దాయనను అడిగాను.

"ఏ సుగుణమ్మ? ఆ వీధిలో ఇద్దరుండారు. ఒకామె క్రిస్మస్‌కు ముందర పోయింది."

ఆయన ఆటో స్టార్ట్ చేయకుండా నా మొహమే చూస్తున్నాడు.

"స్కూల్లో ఆయాగా చేసింది. చాలా ఏళ్ల కింద రిటైరైంది," అన్నాను.

"ఆయమ్మా? అయితే బతికే ఉండాది. ఎక్కండి," అన్నాడు. "మా పిల్లోళ్లందర్నీ ఆమే చెయ్యి పట్టుకోని రోడ్డు దాటించింది."

ఇరవై రూపాయలు తీసుకున్నాడు. యాభై అడిగినా ఇచ్చేదాన్ని.

పచ్చ తలుపున్న ఒంటిగది స్లాబు ఇల్లు. ఆమె గుమ్మంలో కూర్చుని ఎడం చేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది, మణికట్టు వాచి ఉంది. తల పూర్తిగా నెరిసిపోయింది. నన్ను చూసి కళ్లు చికిలించింది.

"ఎవురూ?"

"నేను పెద్దమ్మా, విజయని. నెల్లూరు ఆస్పత్రి."

"విజయా? ఏందిమే, ఇంత లావైనావు," అంది. ఆ మాటతో నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బస్సులో కుదుర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"కార్డు రాలేదు పెద్దమ్మా. అందుకే వచ్చా."

"ఎట్ట వస్తాది? క్రిస్మస్ అయిన మూడో రోజు మెట్లు కడగతా జారిపడినాను. చెయ్యి ఇరిగింది. కట్టు ఇప్పి పది రోజులైంది, వేళ్లు ముడుచుకోడంలా, పెన్సిలు నిలబడదు."

"ఎవరిచేతనైనా చిరునామా రాయించి పంపకపోయావా?"

"పక్కింటామె రాస్తానంది. నేనే వద్దన్నాను. వేరేవాళ్ల చేతిరాతతో కవరొస్తే నేను పోయినానని బెంగ పడతావు గదా."

"రాకపోతే అనుకోనా?"

ఆమె చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టింది. "అదీ నిజమే," అంది. "అది తోచలా నాకు."

క్యాలెండరు వెనక దాచిన కవరు తీసి ఇవ్వమంది. స్టాంపు కూడా అంటించి ఉంది. కార్డు తీసి చదివాను. భయపడొద్దు, నీ కుడిచెయ్యి నేను పట్టుకుంటానని దేవుడు చెప్పే వాక్యం అది. ఆమె తన వాచిన మణికట్టు చూపించి, "పట్టుకుంటానన్నాడు, ఇరిగినాక పట్టుకుంటాడేమో," అని నవ్వింది.

"ఇది నాది. మరి నీదేది పెద్దమ్మా? గోడ మీద ఎక్కడా లేదే."

"మనిషికి ఒక్కటే గదా తీసేది. అదే."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఏటేటా నా పేరున వేరే ఒకటి తీస్తోందనుకున్నాను. ఆమె తీసేది ఒకటే. తన కోసం తీసుకున్న దాన్నే నాకు పంపుతూ వచ్చింది.

"అయితే ఇన్నేళ్లూ నీకేమీ మిగల్లేదా?"

"ఎందుకు మిగల్లా? పంపేముందు చదువుకుంటాను గదా. చదివితే అరిగిపోద్దా ఏంది?"

అప్పుడు చెప్పేశాను. మూడో ఏడు నుంచి ఒక్క కవరూ చించలేదని, మొన్ననే అన్నీ కలిపి చదివానని. కోప్పడుతుందనుకున్నాను. ఆమె మళ్లీ చిక్కుడుకాయల మీదికి వంగింది.

"పోనీలే. నేను చదివినాను గదా, ఇద్దరి తరపున," అంది.

మధ్యాహ్నం వంట నాతోనే చేయించింది. ఉప్పు తక్కువైందని రెండుసార్లు చెప్పింది. ఎడం చేత్తో కలుపుకుని తినడం మనసొప్పక ఆమె ఒక చెక్క చెంచా కొనుక్కుంది. ఉదయగిరిలో చేత్తో చెక్కే ఈ గరిటెలూ చెంచాలూ ప్రసిద్ధి, నేనూ తిరిగి వచ్చేటప్పుడు రెండు కొన్నాను, జత నూట ఇరవై. తినేముందు ఆమె ప్రార్థన చేసింది. మంచం అవతలి చివర కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది, గొంతు పెంచలేదు. విజయను తీసకొచ్చిన బస్సు డ్రైవరుకు, ఖాదర్‌కు, బత్తాయిలు అమ్మినాయనకు, ఈ చెంచా చెక్కినాయనకు, రోజూ నీళ్లు తెచ్చిచ్చే పక్కింటామెకు, ఒక్కొక్కరికీ విడివిడిగా వందనాలు చెప్పింది. అంతమంది సాయంతో నేను ఆ ఇంటికి చేరానని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. చివర్లో ఆమెన్ అన్నాను. పన్నెండేళ్లలో అదే మొదటిసారి.

అన్నం తిన్నాక నూనె వెచ్చబెట్టి ఆమె కుడిచెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. డాక్టరు వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా మడిచి తెరవమన్నాడట, ఒంటరిగా కుదరడం లేదట. అరగంట అలా చేశాను. మధ్యలో, కళ్లు మూసుకునే, "నాకు కృతజ్ఞత చెప్పాలని వచ్చినావు గదా. మొహంలోనే కనిపిస్తా ఉండాది," అంది.

"అవును పెద్దమ్మా. నువ్వు ఆ పులిహోర తీసుకురాకపోతే నేను బతికేదాన్ని కాదు."

"నేను తేవడమేంది, ఆయన పంపినాడు, నేను మోసకొచ్చినాను," అంది. తర్వాత కళ్లు తెరిచి మా చేతుల వంక చూసింది. "ఇదిగో. పట్టుకుంటానన్నాడు, పట్టుకున్నాడు గదా."

మూసిన వేళ్లు ఇంకోసారి తెరిచాను.

నాలుగున్నరకు తిరుగు బస్సు. బయలుదేరేటప్పుడు కార్డు నా సంచిలో పెట్టబోయింది. తీసుకోలేదు. అన్నం మెతుకులు మెదిపి రాసి, ఆమె మంచానికి ఎదురుగా గోడకు అంటించాను. పోస్టు కవరు మీది స్టాంపు వృథా అని ఆమె గొణిగింది. "నేను చదువుకున్నాను కదా, అరిగిపోదు," అన్నాను. వచ్చే జనవరి ఒకటో తేదీన ఆమె పక్కనే వరుసలో నిలబడతానని, నాది నేనే తీసుకుంటానని కూడా చెప్పాను. "లేటుగా రావాకు, కార్డులు అయిపోతాయి," అంది.

ఏడున్నరకు ఇల్లు చేరాను. దేవుడు నా ప్రార్థన వినలేదని పన్నెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. మా ఆయన ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు, సుగుణమ్మకూ తెలియదు. కానీ దేవుడు దూరంగా ఉన్నాడని మాత్రం ఇక అనలేను. ఏటా జనవరిలో స్టాంపు అంటించుకుని నా గుమ్మం దాకా వస్తూనే ఉన్నాడు, నేనే సొరుగులో పెట్టాను. ఇప్పుడు ఆ పదకొండు కార్డులూ మెషిన్ ఎదురుగా గోడ మీద ఉన్నాయి.

ఇక ఉదయగిరి వెళ్లేవారికి ఒక్క సూచన. కోట ఎక్కాలనుకుంటే ముందు రాత్రే ఊరు చేరుకుని, ఎండ ముదరకముందే రెండు లీటర్ల నీళ్లతో కొండ కింద ఉండండి, బస్సు దిగగానే తిరుగు బస్సు వేళ బస్టాండులో అడగండి. కానీ మీరు వెళ్లేది ఒక మనిషి కోసమైతే వేళలు చూడకండి, ఈ వారమే ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కండి.